తూకం తప్పితే నాటకం వేయించాలి: చైనా వర్తక సంఘ భవనాల్లో కాపాడవలసింది ఏది?

మధ్య చైనాలోని హెనాన్ ప్రావిన్స్‌లో షచీ అని ఒక చిన్న పట్టణం ఉంది. అక్కడి వర్తక సంఘ భవనంలో ఉన్న రాతి ఫలకాల్లో ఒకదాని మీద 1724 నాటి తూకాల కట్టుబాటు కనిపిస్తుంది. కొందరు కాటాలు మార్చి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ చేసి లాభమంతా తామే దండుకుంటున్నారట. అందుకని వర్తకులందరూ గ్వాన్ యూ దేవుడి గుడిలో కూడి ఒక మాటకు వచ్చారు. జిన్, ల్యాంగ్ అన్నవి అప్పటి తూకపు కొలతలు; జిన్ అంటే నిండుగా పదహారు ల్యాంగ్‌లు ఉండాలి. వెండినీ మందుల్నీ తూచే చిన్న కోల, త్రాసుతో సరిపోవాలి. ఆ తర్వాత ఎవడైనా చాటుగా కోల మారిస్తే మూడు నాటకాలు వేయించాలి, అదే జరిమానా. దానికీ లొంగకపోతే ఆ కోలను పట్టుకెళ్ళి అధికారి ముందు పెడతారు.

భవనం కట్టడం మొదలైంది 1756లో. అంటే కట్టుబాటు గోడలకన్నా ముప్పై రెండేళ్ళు పెద్దది. అయినా షచీ పేరు చెప్పగానే ఫొటోల్లోకి ఎక్కేవి గాజుపూత పెంకుల తెరగోడ, మూడు వరుసల చూరులున్న ఆటవేదిక, సింహాల మీద నిలబెట్టిన రాతి స్తంభాలు.

చైనాలో హుయ్‌గ్వాన్ అని పిలిచే ఈ సంఘ భవనాల గురించి వచ్చే రాతల్లో చాలావరకు చెక్కడపు పని దగ్గరే ఆగిపోతాయి. చెక్కడాలు గొప్పవే, అందులో వాదన లేదు. కాకపోతే అంత గొప్ప చెక్కడాలు గుళ్ళలోనూ ధనికుల ఇళ్ళలోనూ దొరుకుతాయి. హుయ్‌గ్వాన్‌లో తప్ప దొరకనిది ఇంకొకటి ఉంది. ఊరు కాని ఊళ్ళో పరాయి వర్తకులు ఒకరినొకరు నమ్మడానికీ, స్థానికుల చేత నమ్మించుకోవడానికీ చేసుకున్న ఏర్పాటు అక్కడ రాతిలో, కొయ్యలో, గదుల అమరికలో మిగిలింది. మరమ్మతుల్లో మొదట చెరిగిపోతున్నదీ అదే.

ఎవరు కట్టుకున్నారు, ఎందుకు

పదిహేనో శతాబ్దం మొదట్లో బీజింగ్‌లో వెలిసిన తొలి హుయ్‌గ్వాన్‌లు వ్యాపారులవి కావు. రాజధానికి వచ్చే ఒకే ప్రాంతపు ఉద్యోగులూ, ప్రభుత్వ పరీక్షలు రాసే అభ్యర్థులూ బస చేయడానికి పెట్టుకున్న సత్రాల వంటివి. వర్తకులు ఆ పద్ధతిని అందిపుచ్చుకుని నదీ రేవుల్లో, కాలువ గట్ల మీద, బండిదారుల కూడళ్ళలో తమ భవనాలు లేపారు. ఇప్పుడు మనకు కనిపించేవాటిలో ఎక్కువభాగం పదిహేడో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా చింగ్ రాజుల కాలంలో కట్టినవి.

సభ్యత్వానికి ఆధారం సాధారణంగా సొంత ప్రాంతమే. చేతివృత్తి, వ్యాపార రకం ఆధారంగా ఏర్పడ్డవీ ఉన్నాయి. బీజింగ్‌లోని జెంగ్‌యీ-త్సి 1688లో వెండి వ్యాపారులు కట్టుకున్నది. సిచువాన్‌లోని జిగొంగ్‌లో కసాయి పనివారు కోసిన ప్రతి పందికీ ఇంత అని పోగుచేసి, పాతకాలపు సేనాని జాంగ్ ఫెయ్ పేర గుడి లాంటి సంఘ భవనం కట్టారు. జాంగ్ ఫెయ్ కూడా ఒకప్పుడు కసాయి అని వాళ్ళ నమ్మకం.

అన్నిటికంటే పెద్ద ముద్ర వేసింది షాన్షీ, షాఆన్షీ వర్తకులు. పక్కపక్క ప్రావిన్స్‌లే, కాని రెండూ వేర్వేరు. మింగ్ ప్రభుత్వం 1370లో ఉత్తర సరిహద్దు సైన్యాలకు ధాన్యం చేరవేసినవారికి ఉప్పు అమ్ముకునే చీటీలు ఇవ్వసాగింది. సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ రెండు ప్రాంతాల వాళ్ళకు అది కలిసొచ్చింది. ఉప్పుతో మొదలైనవాళ్ళు తర్వాత తేయాకు, బట్ట, పొగాకు, మందుమూలికలు, చివరికి హుండీల వ్యాపారంలోకీ దిగారు. దూరదేశంలో ఇద్దరూ కలిసి ఒకే భవనం కట్టుకోవడం రివాజయింది. షచీ, ల్యావ్‌చెంగ్, బోజో, హాన్‌కో ఊళ్ళలోవన్నీ అలా ఉమ్మడిగా లేచినవే.

ప్రతి ప్రాంతానికీ ఒక దేవుడున్నాడు. షాన్షీ వాళ్ళకు గ్వాన్ యూ. ఆయన పుట్టినూరు షాన్షీలోని ఉప్పు సరస్సు దగ్గరే. ఫూజియాన్ వాళ్ళకు సముద్రాన్ని శాంతింపజేసే మాజు తల్లి. జియాంగ్‌షీ వాళ్ళకు షు షున్, హునాన్-హుబెయ్ వాళ్ళకు వరదలు అదుపు చేసిన యూ రాజు, గ్వాంగ్‌డాంగ్ వాళ్ళకు బౌద్ధ గురువు హుయ్‌నెంగ్. అందుకే సిచువాన్ ఊళ్ళలో ‘వాన్‌షో గొంగ్’ అని బోర్డు కనిపిస్తే లోపల అడగక్కర్లేదు, అది జియాంగ్‌షీ వాళ్ళది. భక్తి ఒక్కటే దీనికి కారణం కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో గుంపు కట్టి సొంత కట్టుబాట్లు పెట్టుకుంటే ఏ ప్రభుత్వానికైనా అనుమానమే. అదే గుంపు, ప్రభుత్వం తానే కొలిచే గ్వాన్ యూకి గుడి కడితే అడ్డు చెప్పేవాడుండడు. దేవుడు సంఘానికి హామీదారు, అధికారుల ముందు మర్యాద కూడా.

గుమ్మం నుంచి దేవుడి దాకా

వీటి నిర్మాణంలో ఒక వరస ఉంది. ఆ వరస తెలిస్తే ఏ ఊరి భవనాన్నయినా చదవవచ్చు. వీధికి ఎదురుగా తెరగోడ. దాని వెనక గుమ్మం. చాలాచోట్ల గుమ్మం పైనే ఆటవేదిక ఉంటుంది. వచ్చినవాళ్ళు వేదిక కిందుగా, కాస్త తల వంచుకుని నడిచి ముంగిట్లోకి వస్తారు. వెనక్కి తిరిగితే వేదిక ముఖం కనిపిస్తుంది. అది వీధి వైపు చూడదు, ముంగిలి అవతల ఉన్న దేవుడి మందిరం వైపు చూస్తుంది. లెక్కకి నాటకం దేవుడి కోసం, మనుషులు మధ్యలో నిలబడి చూస్తారు. ముంగిటికి రెండు పక్కలా మేడ వరండాలుంటాయి. అక్కడ కూర్చునేది పెద్ద దుకాణాల వాళ్ళు. మందిరం పక్కల గదుల్లో బస, లెక్కల గది, పంచాయితీ సాగేవి. షచీ భవనం ఉత్తర దక్షిణాలుగా దాదాపు 156 మీటర్ల పొడవు.

నాటకం జరిమానా ఎందుకైందో ఈ అమరిక చూస్తే బోధపడుతుంది. డబ్బు జరిమానా వేస్తే అది ఎవరి చేతిలో పడాలన్న తగువు వస్తుంది. నాటకం వేయిస్తే బృందానికి కూలి, భోజనాలు, దీపాల ఖర్చు తప్పు చేసినవాడిది, ఆనందం ఊరందరిది. ఆ రోజు ముంగిలి నిండా చేరిన ప్రతివాడికీ ఈ ఆట ఎవరి ఖర్చుతో, ఏ తప్పుకు ఆడుతున్నారో తెలుస్తుంది. పరువు మీద నడిచే వ్యాపారంలో అంతకు మించిన శిక్ష లేదు. దేవుడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి ప్రమాణం కూడా పూర్తవుతుంది. కాబట్టి వేదికను అలంకారమని మాత్రమే చూసి, మందిరానికీ వేదికకూ మధ్య ముంగిట్లో శాశ్వతంగా దుకాణాలో కుర్చీల షెడ్డో వేస్తే పోయేది చూపు ఒక్కటే కాదు, ఆ కట్టుబాటు అమలయిన చోటే పోతుంది.

మోటుపల్లి శాసనం తెలిసినవాళ్ళకు ఇక్కడ ఒక తేడా తడుతుంది. 1244లో కాకతి గణపతిదేవుడు ఆ రేవుకు వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మునుపటి రాజుల్లా లాక్కోననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ రాయించాడు. అక్కడ మాట ఇచ్చింది రాజు. షచీలో మాట ఇచ్చుకున్నది వర్తకులు, తమకు తామే. అధికారి పేరు చివర్లో బెదిరింపుగా మాత్రమే వస్తుంది.

చావు ఖర్చు కూడా సంఘానిదే. దూరాన చనిపోయిన సభ్యుడి శవపేటికను సొంతూరికి పంపేదాకా దాచే గది, పంపే స్తోమత లేకపోతే పూడ్చడానికి సంఘపు శ్మశానం చాలా హుయ్‌గ్వాన్‌లకు ఉండేవి. షాంఘైలో నింగ్బో వాళ్ళు 1797లో పెట్టిన సిమింగ్ సంఘపు శ్మశాన భూమి తర్వాత ఫ్రెంచి వాళ్ళ పాలనలోని వాడలో పడింది. ఆ భూమి కోసం 1874లో ఒకసారి, 1898లో మళ్ళీ అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. పటంలో ఒక మూల కనిపించే ఖాళీ జాగా సంఘానికి ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. చాలా ఊళ్ళలో భవనం మిగిలింది, శ్మశానం మీద ఇళ్ళు లేచాయి. వారసత్వ జాబితాల్లో దాని ఊసే ఉండదు.

రాతి మీద లెక్క

కట్టడానికి డబ్బు ఎలా వచ్చిందో ఫలకాలే చెబుతాయి. రెండు దారులు. ఒకటి చందా. రెండోది, మరింత ఆసక్తికరమైనది, వ్యాపారం మీద కోత. ల్యాంగ్ అంటే సుమారు 37 గ్రాముల వెండి. అందులో పదో వంతు చియెన్, నూరో వంతు ఫెన్, వెయ్యో వంతు లీ. ప్రతి దుకాణమూ తాను తిప్పిన సరుకు విలువలో ల్యాంగ్‌కు ఇన్ని లీలు అని పక్కన పెట్టి సంఘానికి కట్టేది. ఏళ్ళ తరబడి పోగయ్యాక పని మొదలుపెట్టేవారు, పూర్తయ్యాక ఏ దుకాణం ఎంత ఇచ్చిందో, కలపకెంత, రాయికెంత, వడ్రంగి కూలికెంత పోయిందో రాయి మీద చెక్కేవారు. అందరూ చూసే చోట నిలబెట్టిన జమాఖర్చుల పుస్తకం అది. లెక్క దాచలేని పద్ధతి.

ఈ ఫలకాలతో చరిత్రకారులు చేసిన పని చిన్నది కాదు. నన్‌కై విశ్వవిద్యాలయానికి చెందిన షు తాన్ హెనాన్, షాన్‌డాంగ్ భవనాల ఫలకాలను వరసగా చదివి, ఏ ఊళ్ళో ఎన్ని దుకాణాలున్నాయో, ఎంత వ్యాపారం సాగిందో అంచనా కట్టారు. లెక్క సూత్రం సులువు. కోత వెయ్యికి ఒకటి అయితే, ఫలకం మీద ఒక దుకాణం పేరుకు ఎదురుగా 5 ల్యాంగ్‌ల 6 చియెన్‌లు ఉంటే, అది తిప్పిన సరుకు 5,600 ల్యాంగ్‌లు. కానీ ఆ సులువులోనే నాలుగు గోతులున్నాయి. కోత ఒక ఏడాదిదా పదేళ్ళదా అన్నది ఉపోద్ఘాతంలో వెతకాలి. లేకపోతే లెక్క పదింతలు తప్పుతుంది. చందానూ కోతనూ కలిపి చెక్కిన ఫలకాల మీద రెంటినీ విడదీయాలి, చందాకు వ్యాపార పరిమాణంతో సంబంధం లేదు. కొన్నిచోట్ల వెండి, కొన్నిచోట్ల రాగి నాణేల దండలు; మారకం ఊరూరికీ ఏడాదేడాదికీ మారేది. ఇక ఒకే పేరుతో వేరే ఊళ్ళో ఉన్న శాఖ కూడా చందా ఇచ్చి ఉండవచ్చు, అందువల్ల పేర్లన్నీ ఆ ఊరి దుకాణాలే అనుకోకూడదు.

చెప్పొచ్చేదేమంటే, వంద పేర్లున్న ఒక అరిగిపోయిన ఫలకం, పూర్తిగా మిగిలిన ఒక చెక్కడపు దూలంకన్నా విలువైనది కావచ్చు. దూలం లాంటిది మళ్ళీ చెక్కించవచ్చు. నైపుణ్యం ఇంకా బతికే ఉంది. ఫలకం మీద చెరిగిన అంకెను ఎవరూ తిరిగి రాయలేరు.

పడవ ఆగిన చోట

షచీ లాంటి మారుమూల చోట అంత పెద్ద భవనం ఎందుకు? జవాబు భవనంలో దొరకదు, నదిలో ఉంది. ఫూజియాన్‌లోని వూయీ కొండల తేయాకు జియాంగ్‌షీ నదుల మీదుగా హాన్‌కో చేరి, హాన్ నది ఎక్కి, షియాంగ్‌యాంగ్ దగ్గర పక్కకు తిరిగి టాంగ్ నదిలో పైకి వచ్చేది. సరుకు పడవలు రాగలిగేది షచీ దాకానే. అక్కడ దింపి కంచరగాడిదల మీదా బళ్ళలోనూ ఎక్కించి లోయాంగ్ వైపు, అక్కడినుంచి తైహాంగ్ కొండలు దాటించి జాంగ్‌జియాకోకు, ఆపైన ఒంటెల మీద గోబీ ఎడారి గుండా రష్యా సరిహద్దులోని క్యాఖ్తాకు తోలేవారు. రష్యాతో 1727లో కుదిరిన ఒప్పందం ఆ చివరి సంతను తెరిచింది. పడవ నుంచి బండికి సరుకు మారే చోట తూకం రెండుసార్లు వేయాలి. తూకాల కట్టుబాటు అక్కడే పుట్టడంలో వింత లేదు.

ఈ దారిని ‘పదివేల లీల తేయాకు బాట’ (ఇక్కడ లీ అంటే దూరపు కొలత) పేరుతో చైనా 2019లో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చింది. భవనాన్ని విడిగా కాక దారిలో ఒక మజిలీగా చూడడం సరైన పద్ధతే. ఉత్తర దక్షిణ చైనాలను కలిపే మహాకాలువ విషయంలో అది ఇదివరకే జరిగింది. 2014లో ఆ కాలువకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు సూజోలోని షాన్షీ వర్తకుల చ్వాన్‌జిన్ భవనం, నింగ్బోలోని చింగ్-ఆన్ భవనం అందులో భాగమయ్యాయి. చింగ్-ఆన్ 1850లో మొదలై 1853లో పూర్తయింది. ఉత్తర సముద్ర మార్గంలో ఓడలు నడిపే వర్తకులది. ఆ దశాబ్దంలోనే సముద్రపు దొంగల బెడద తట్టుకోలేక నింగ్బో వర్తకులు బావోషున్ అనే పొగ ఓడ కొనుక్కున్నారు. సంఘం అంటే పూజలూ విందులూ మాత్రమే కాదనడానికి ఇదొక్కటి చాలు.

ఇక్కడ ఒక చేదు లెక్క కూడా ఉంది. షచీ భవనంలోని ఎత్తైన మేడ, చున్‌చ్యూ లౌ, 1857లో నియాన్ తిరుగుబాటుదారుల దాడిలో కాలిపోయింది. వర్తకులు హుబెయ్ నుంచి పెద్ద కలప తెప్పించి ప్రధాన మందిరాన్ని మళ్ళీ నిలబెట్టారు. 1892లో పని ముగిసింది. మొదటి రాయి నుంచి లెక్కేస్తే 136 ఏళ్ళు. ముగిసిన పద్నాలుగేళ్ళకు, 1906లో, బీజింగ్–హాన్‌కో రైలు మార్గం పూర్తిగా తెరుచుకుంది. అది షచీకి దూరంగా తూర్పు పక్కన పోయింది. రేవు ఎండిపోయింది, ఊరు ఎదగడం ఆగింది, అందువల్లే భవనాన్ని కూల్చి ఇంకోటి కట్టే అవసరం ఎవరికీ రాలేదు. ల్యావ్‌చెంగ్‌దీ అదే కథ. 1743లో మొదలుపెట్టిన భవనం మహాకాలువ గట్టున ఉంది. 1855లో పసుపు నది దారి మార్చుకుని కాలువను తెంచింది, 1901లో కాలువ మీద ప్రభుత్వ ధాన్యం రవాణా ఆగింది. మరోవైపు హాన్‌కో వ్యాపారం పెరుగుతూనే పోయింది. అక్కడి షాన్షీ-షాఆన్షీ భవనం 1850ల యుద్ధాల్లో పోయి, 1870–95 మధ్య తిరిగి లేచి, 1911 విప్లవంలో నగరంతో పాటు కాలిపోయింది. దాని సొంత చరిత్ర గ్రంథం మిగిలింది, గోడలు మిగల్లేదు. కాబట్టి ఇప్పుడున్న భవనాల్ని చూసి ‘ఇవే ముఖ్యమైన మజిలీలు’ అనుకుంటే పొరపాటు. మిగిలినవి ఎక్కువగా వ్యాపారం చచ్చిన ఊళ్ళలోవి.

మరమ్మతులో పోయేది

కొయ్య భవనం పాడయ్యేది పైనుంచీ కిందనుంచీ. పైన మొదటి శత్రువు రెండు కప్పుల మధ్య కాలువ. హుయ్‌గ్వాన్‌లలో పూజా మండపాన్నీ ప్రధాన మందిరాన్నీ ఆనించి కట్టి, రెండు వాలు కప్పులు కలిసే చోట నీళ్ళు పోయే దోనె పెట్టడం మామూలు; షచీలోనూ అంతే. ఆకులూ పావురాల రెట్టలూ ఆ దోనెలో చేరితే వాననీరు నిలిచి పెంకుల కింద మట్టి-సున్నపు పొరలోకి దిగుతుంది. అక్కడ గింజ మొలిస్తే వేరు పెంకును లేపుతుంది. మరక చెక్కడాల మీద కనిపించేనాటికి లోపలి దూలం మొన మెత్తబడి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ ఆకులు రాలాకా, దోనె శుభ్రం చేయించడం ఏ పెద్ద పునరుద్ధరణ కన్నా చవక. బడ్జెట్లలో దానికి పద్దు ఉండదు, అదే తంటా.

కింద శత్రువు నేల తేమ. ముంగిట్లో రాతి పలకలు తీసేసి సిమెంటు పోస్తే నేలలోంచి ఆవిరయ్యే తేమకు దారి మూసుకుపోయి స్తంభాల్లోకీ ఇటుక గోడల్లోకీ ఎక్కుతుంది. స్తంభం అడుగు కుళ్ళితే స్తంభం మొత్తం మార్చనక్కర్లేదు. కుళ్ళు ఎత్తులో నాలుగో వంతు దాటనంతవరకు ఆ భాగం కోసేసి, అదే జాతి ఎండిన కలప ముక్కను మెట్టు అతుకుతో కూర్చి ఇనుప పట్టీ వేయడం చైనా వడ్రంగుల పాత పద్ధతి. అక్కడి మరమ్మతుల నియమావళి కూడా దాన్నే ఒప్పుకుంటుంది. చూరు కింద మెట్లుమెట్లుగా పేర్చిన కొయ్య మోపుల్ని మాత్రం బోల్టులతో బిగించకూడదు. మొన తొర్రలోకి దిగే అతుకులు భూమి కదిలినప్పుడు కాస్త సర్దుకోవడానికే వదులుగా ఉంటాయి. ఒకచోట బిగిస్తే ఆ కదలిక పక్క అతుకు మీద పడి అది చీలుతుంది.

రంగు కింద పూత గురించి ఒక మాట. ఉత్తర చైనా స్తంభాలకు వేసేది నేరుగా రంగు కాదు. ఇటుక పొడి, సున్నం, పంది నెత్తురు, తుంగ్ నూనె కలిపిన పొరలు అయిదు, మధ్యలో జనపనార ఒక పొర. ‘ఒక నార, అయిదు బూడిదలు’ అని దాని పేరు. ప్రతి పొరా ఆరాకే తర్వాతిది పడాలి. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారయి తొందర పడితే, పచ్చి కలప మీద ఈ పూత పడి రెండు మూడు చలికాలాల్లో పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు చౌక రసాయన రంగు పూస్తారు. పాత రంగు జాడలు మిగిలి ఉంటే అవీ దాని కిందే సమాధి.

ఫలకాల సంగతి ఇంకా సున్నితం. తడి కాగితం అతికించి సిరాతో అచ్చు తీయడం పాత పద్ధతి, ప్రతి అచ్చుకూ అక్షరం అంచు కాస్త అరుగుతుంది. అచ్చులు అమ్మకానికి పెడితే అరుగుదల ఆగదు. గాజు పెట్టెలో బిగిస్తే లోపల చెమ్మ పట్టి లవణాలు పైకి తేలతాయి. గోడలో సిమెంటుతో పొదిగితే అంతకన్నా చెడ్డ. పక్కనుంచి వాలుగా వెలుతురు వేసి ఫొటోలు తీయడం, త్రిమితీయ స్కాన్ చేయడం, పైన చిన్న చూరు వేసి గాలి ఆడనివ్వడం చాలు. ముఖ్యంగా ఫలకాన్ని దాని చోటు నుంచి కదపకూడదు. లెక్కల గది ముందు ఉన్న రాయిని తోటలో ‘ఫలకాల వనం’ అని వరసలో పెడితే చదవడానికి హాయిగానే ఉంటుంది, కాని ఎవరు చూడాలని దాన్ని అక్కడ నిలబెట్టారో తెలియకుండా పోతుంది.

ల్యావ్‌చెంగ్ వేదిక వెనక గది గోడల మీద అక్కడ ఆడిన బృందాలు సిరాతో రాసుకున్న రాతలున్నాయి: ఏ ఊరి బృందం, ఎప్పుడొచ్చింది, ఏయే ఆటలు ఆడింది. పంతొమ్మిదో శతాబ్దపు రంగస్థల చరిత్రకు అంతటి నేరు సాక్ష్యం అరుదు. అందం దృష్టితో చూస్తే అవి గోడ మీద పిచ్చిరాతలు. ‘శుభ్రంగా’ సున్నం కొట్టించే మేస్త్రీ చేతిలో ఇలాంటివి మిగిలిన భవనాల్లో ఎన్ని పోయి ఉంటాయో!

మ్యూజియం చేస్తే సరిపోతుందా

ప్రభుత్వం 1988లో జాతీయ రక్షిత జాబితాలో చేర్చిన షచీ, ల్యావ్‌చెంగ్, బోజో, జిగొంగ్ భవనాలు నాలుగూ ఇప్పుడు సందర్శకులకు తెరిచి ఉన్నాయి. వీటిలో వాడకం బాగా కుదిరింది జిగొంగ్‌కు. షాఆన్షీ ఉప్పు వర్తకులు 1736–52 మధ్య కట్టిన షీచిన్ భవనం 1959 నుంచి ఉప్పు చరిత్ర మ్యూజియం. ఉప్పు డబ్బుతో కట్టిన గోడల మధ్య ఉప్పు బావుల తవ్వకపు పనిముట్లు చూపడం కన్నా సహజమైంది ఏముంటుంది? తియాన్‌జిన్‌లో 1907లో పూర్తయిన గ్వాంగ్‌డాంగ్ భవనం నాటక మ్యూజియం అయింది. ముందు స్తంభాలు లేకుండా పైనుంచి వేలాడే కప్పుతో ఉన్న ఆ వేదిక కోసమే అక్కడికి వెళ్ళవచ్చు. సూజో చ్వాన్‌జిన్ భవనంలో పెట్టింది కున్‌చూ నాటక మ్యూజియం. భవనానికి జీవం వచ్చిందన్నది నిజం. కాని కున్‌చూ సూజో ప్రాంతపు కళ. షాన్షీ వాళ్ళు వెంట తెచ్చుకున్నది చెక్కల తాళంతో సాగే బాంగ్‌జీ ఆట. అతిథి కట్టుకున్న ఇంట్లో ఆతిథ్యమిచ్చినవాడి కథే వినిపిస్తోందన్నమాట. ఒక గదైనా షాన్షీ వర్తకులకు కేటాయించాలని అడగడం అన్యాయం కాదు.

విలువ కట్టే పని ఎవరైనా చేపడితే చెక్కడాల నుంచి కాక వెలుపలి నుంచి మొదలుపెట్టడం మేలు. ముందు పాత రేవు ఎక్కడ, గుమ్మం దానికి ఎటు ముఖం పెట్టింది, మధ్య వీధి మిగిలిందా అన్నది నడిచి చూడాలి. తర్వాత ఫలకాలన్నిటినీ ఉన్న చోటుతో సహా పటంలో గుర్తించి, పూర్తి పాఠం రాసుకోవాలి. మూడోది, గదుల వాడకం: శవపేటికల గది, గిడ్డంగి, వంటశాల లాంటి అనాకారి భాగాలు ఎక్కడున్నాయి, వాటికి రక్షణ హద్దులో చోటుందా? చాలా హద్దులు మధ్య గీత మీది అందమైన కట్టడాల చుట్టూ గీసి, పక్క గదుల్ని బయట వదిలేస్తాయి. ఆ తర్వాత, ఇరవయ్యో శతాబ్దపు పొర. ఈ భవనాలు ఎన్నో బడులుగా, ధాన్యపు కొట్లుగా, ఆఫీసులుగా మారాయి, మారబట్టే నిలిచాయి. ఆ జాడలన్నీ తుడిచి ‘అసలు రూపం’ తేవాలన్న ఉబలాటంలో బతికించిన కాలాన్నే చెరిపేస్తున్నారు. చెక్కడాల జాబితా చివరికి ఉంచినా కొంప మునగదు, అది ఎలాగూ ఎవరో ఒకరు చేసి ఉంటారు.

సముద్రం దాటినవి

వియత్నాంలోని హోయ్ ఆన్ పాత రేవులో ఫూజియాన్, గ్వాంగ్‌డాంగ్, హైనాన్, చావ్‌జో వాళ్ళకు వేర్వేరు భవనాలున్నాయి, అందరికీ ఉమ్మడిగా 1741లో కట్టినది ఇంకొకటి. ఆ పట్టణానికి 1999లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అంత దూరం పోనక్కర్లేదు కూడా. కలకత్తా టెరిట్టీ బజార్ చుట్టుపక్కల సీ ఇప్, నామ్ సూన్, తూంగ్ ఆన్ పేర్లతో ఉన్న చైనా గుళ్ళు గ్వాంగ్‌డాంగ్‌లోని ఆయా జిల్లాల వాళ్ళ హుయ్‌గ్వాన్‌లే. స్థానికులు వాటిని ‘చర్చి’ అంటారు. సీ ఇప్ భవనం 1905 నాటిది. 1924 నాటి తూంగ్ ఆన్ భవనంలో పైన దేవుడు, కింది అంతస్తులో ఒకప్పుడు నాన్‌కింగ్ రెస్టారెంటు. కింద అద్దె, పైన పూజ: సంఘాన్ని నడిపే ఖర్చుకు ఆ పాత ఏర్పాటే కొత్త ఊళ్ళోనూ. ముంబయి మజ్‌గావ్‌లోని సీ యుప్ కూన్‌లోనూ గ్వాన్ యూ పై అంతస్తులోనే ఉంటాడు.

వీటి కష్టం చైనాలోని భవనాల కష్టానికి తలకిందులు. అక్కడ సంఘం పోయి భవనం ప్రభుత్వం చేతిలో పడింది, డబ్బుంది, కథ పలచబడింది. ఇక్కడ సంఘం ఇంకా ఉంది, మనుషులు లేరు. 1962 యుద్ధం తర్వాత చైనా సంతతి కుటుంబాలను రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించారు. ఆ తర్వాత వేలమంది కెనడాకూ ఇతర దేశాలకూ వెళ్ళిపోయారు. మిగిలిన కొద్దిమంది పెద్దవాళ్ళు గుడి తలుపు తెరుస్తున్నారు. ఇలాంటి చోట మొదట కావలసింది పెచ్చులూడిన గోడకు సున్నం కాదు. సభ్యుల జాబితాలు, చందా పుస్తకాలు, అద్దె పత్రాలు, శ్మశానపు రిజిస్టర్లు, చెక్క బోర్డుల మీద బంగారు పూతతో రాసిన దాతల పేర్లు, ఇవన్నీ చదవగలవాళ్ళు ఉండగానే వాళ్ళ పక్కన కూర్చుని నకలు తీయించడం. షచీ వర్తకులు రాతి మీద చెక్కించారు కాబట్టి మూడు వందల ఏళ్ళ నాటి తూకం గొడవ ఇప్పటికీ తెలుస్తోంది. కలకత్తా పుస్తకాలు కాగితంవి, బెంగాల్ వానాకాలపు చెమ్మకూ చెదలకూ అవి అంతకాలం ఆగవు.